వేలంపాట నుండి నేర్వదగినది

ఆదివారమునాడు కాటేదాన్ పారిశ్రామికవాడలో యంత్రాల చప్పుడు కొంత సద్దుమణగగానే వీధులలో టెన్నిసు బంతితో క్రికెట్ ఆట మొదలవుతుంది. ఆడేవారిలో మా విద్యార్థులూ కొందరుంటారు. ఆట ముగిసిన పిదప చర్చ ఒక్కటే: ఐ.పి.ఎల్.లో హైదరాబాదు జట్టు ఎవరిని వదులుకుంటుంది, ఎవరిని తెచ్చుకుంటుంది? పెద్దలు దీనిని వృథా కాలక్షేపమంటారు. మేము అందులో ఒక పాఠమును చూస్తున్నాము.

2024 అక్టోబరులో సన్‌రైజర్స్ హైదరాబాదు తన 120 కోట్ల రూపాయల నిధిలో 75 కోట్లను ఐదుగురిని నిలుపుకొనుటకే వెచ్చించింది: క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, హెడ్‌కు, అభిషేక్ శర్మకు చెరి 14, విశాఖ యువకుడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు. ఆ నవంబరులో జెడ్డా వేలంలో 10 కోట్లకు కొన్న షమీని ఒక్క సీజను ఆడించి, 2025 నవంబరులో అదే మొత్తానికి లక్నో జట్టుకు బదిలీ చేసింది.

మన నగరపు ఆటోడ్రైవరు కుమారుడు సిరాజ్‌ను ఇదే జట్టు 2017లో 2.6 కోట్లకు కొన్నది. మరుసటి ఏడే అతడు బెంగుళూరు జట్టుకు వెళ్లాడు. 2024 వేలంలో గుజరాత్ జట్టు అతనికి 12.25 కోట్లు చెల్లించింది. తిలక్ వర్మ 2022 నుండి ముంబై జట్టువాడు. “మన ఊరి పేరు కావాలి గాని మన ఊరివాడు అక్కరలేదా?” అని విద్యార్థులు బాధపడుట సహజమే.

అయితే ఆ వేలంపాటను నిందించుటకు ముందు మన ఇంటిని చూసుకొందము. మనుష్యులకు వెలకట్టుట మాకు రుచించదు. అమ్ముడుపోని ఆటగాని మనసు ఎవరికి పట్టును? కాని ఆ సంతలో సైతము కొన్ని మర్యాదలున్నవి. నియమాలు ముందే తెలుస్తాయి. అన్ని జట్ల నిధికీ హద్దు ఒక్కటే. ఎవరిని ఉంచిరో, ఎవరిని విడిచిరో లోకమెరుగును. ఆటగాడు సమ్మతించనిదే జట్ల నడుమ బదిలీ జరుగదు.

మరి కళాశాల జట్ల మాటేమిటి? మేము ఇంటర్మీడియట్ చదివే రోజులలో నోటీసు బోర్డు మీది జట్టు జాబితాలో ఒకనాడున్న మా పేరు మరునాడు లేదు. కారణమడుగుటకు మాకు ధైర్యము చాలలేదు, చెప్పవలెనని ఎవరికీ తోచలేదు. ఆ తరువాత మేము బంతిని ముట్టలేదు. మా ఆట గొప్పదని కాదు. ఒక్క మాట చెప్పి ఉంటే మరుసటి ఏడు మళ్లీ ప్రయత్నించి ఉండేవారము.

కావున కమిటీ పెద్దలకు మా మనవి మూడు మాటలు. ఎంపిక తేదీని పక్షము రోజుల ముందు ప్రకటించండి. తొలగించిన విద్యార్థిని పిలిచి కారణము చెప్పండి. ఎంపిక కాని వారికి కూడా సాయంత్రము మైదానమును, వలను అందుబాటులో ఉంచండి. వీటికి కోట్లు అక్కరలేదు.

ఉర్దూలో ‘అమానత్’ అనే మాట ఉన్నది: నమ్మి మన చేత పెట్టినది, పదిలముగా అప్పగించవలసినది. కాటేదాన్ కార్మికుని కుమారుడు జాబితాలో చేర్చమని ఇచ్చిన పేరు కూడా అట్టిదేనని మేము నమ్ముతున్నాము.