కొత్తవి తెచ్చుకుంటే సరిపోతుందా?

"ఇంక్రిమెంటల్ సింక్ పెట్టేశాం, ఇక చింత లేదు" అనే మాట మన ఆఫీసుల్లో తరచూ వినపడుతుంది. నా మటుకు నాకు చింత మొదలయ్యేదే అక్కడ.

పద్ధతి చూడ్డానికి చాలా సింపుల్. సోర్సు టేబుల్లో ప్రతి రికార్డుకీ ఆఖరుసారి మారిన టైమ్ ఉంటుంది. కిందటిసారి ఎక్కడిదాకా తెచ్చామో గుర్తుపెట్టుకుని, అది దాటినవే తెచ్చుకుంటాం. కోటి రికార్డుల్లో వెయ్యి మారితే వెయ్యే కదులుతాయి. బానే ఉంది. మరి డిలీట్ అయిన రికార్డు సంగతో? రికార్డే లేనప్పుడు క్వెరీకి ఏం దొరుకుతుంది? సోర్సులో పోయింది డెస్టినేషన్లో చిరంజీవిగా ఉండిపోతుంది. "నా నంబరు తీసెయ్యండి మహాప్రభో" అని మొత్తుకున్న కస్టమరుకి ఏడాది తర్వాతా ఎసెమ్మెస్‌లు వెళ్తున్నాయంటే, కారణం ఇదే కావచ్చు.

ఇంకో చిక్కు. ఒక రికార్డు మీద 10:00 అని టైమ్ పడింది, కానీ ట్రాన్సాక్షన్ కమిట్ అయింది 10:06కి. ఈలోగా 10:05కి మన జాబ్ వచ్చి, 10:04 దాకా ఉన్నవి తీసుకుని, గుర్తుని అక్కడికి జరిపేసి వెళ్ళిపోయింది. ఆ రికార్డుని మళ్ళీ ఎవరైనా మారిస్తే తప్ప అది ఇక రాదు. ఎర్రరూ రాదు. జాబ్ మాత్రం రోజూ పచ్చగానే కనపడుతుంది!

మందులు లేకపోలేదు. ప్రతిసారీ కొన్ని నిమిషాలు వెనక్కెళ్ళి తెచ్చుకుని, ప్రైమరీ కీ చూసి ఉన్నదాన్ని మార్చడం, లేనిదాన్ని చేర్చడం ఒకటి. మైసీక్వెల్ బిన్‌లాగ్, పోస్ట్‌గ్రెస్ వాల్ లాంటి లాగులు చదివితే డిలీట్లూ దొరుకుతాయి, డెబీజియం చేసేది ఆ పనే. అయితే మన కనెక్టర్ పడుకున్నన్నాళ్ళలో పాత లాగులు చెరిగిపోతే కథ మళ్ళీ మొదటికే.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ తెచ్చిన ఆర్‌సింక్ కూడా, మనం చెప్పకపోతే, ఫైల్ సైజూ టైమూ చూసి ఊరుకుంటుంది. లోపలి సరుకు పోల్చమని, సోర్సులో లేనివి తీసెయ్యమని విడిగా అడగాలి. అంటే వేగం దానిది, నమ్మకం పూచీ మనది.

అందుకే నా వాదన ఒక్కటే. సరిచూడని సింకు సింకే కాదు, అంచనా. వారానికోసారైనా రెండు వైపులా కీలు పోల్చండి. కొన్ని వేల రికార్డులున్న చిన్న టేబుల్ అయితే మొత్తం మళ్ళీ లోడ్ చేసెయ్యండి, అందులో నామోషీ ఏమీ లేదు. "అంత టైమ్ ఎక్కడుంది?" అనే మేనేజరుని ఒక్క ప్రశ్న అడగండి: రిపోర్టులో అంకె తప్పని క్లయింటే ముందు కనిపెడితే, అప్పుడు పట్టే టైమెంత?