శరీరశాస్త్ర గ్రంథములు సాహిత్యము కావా?

ఈ యేటి పుస్తక పురస్కారములకై వచ్చిన గ్రంథములలో ఒక శరీర నిర్మాణ, ధర్మశాస్త్ర గ్రంథమును న్యాయనిర్ణేతలు తొలి వడపోతలోనే ప్రక్కకు త్రోసివేసిరని తెలిసి మాకు కలిగిన మనస్తాపమును పాఠకులతో పంచుకొనక తప్పుటలేదు. ఆ పురస్కార సంఘము పేరు ఇచట అప్రస్తుతము. నర్సింగు విద్యార్థినులకు చిరకాలము పాఠము చెప్పిన ఉపాధ్యాయిని యొకరు, తన శిష్యురాండ్రు ఆంగ్ల గ్రంథములను అర్థము తెలియకయే కంఠస్థము చేయుట చూచి, తెలుగున వ్రాసిన గ్రంథమది. త్రోసివేతకు చెప్పిన కారణము ఒక్కటే: పాఠ్యగ్రంథము సాహిత్యము కాదు.

పురస్కారము రాకపోవుట పెద్ద సంగతి కాదు. ప్రతి యేటను ఎన్నో ఉత్తమ గ్రంథములకు అది రాదు. పుట త్రిప్పకుండ తీర్పు చెప్పుటయే మమ్ము బాధించిన విషయము. నవలను చదివి బాగులేదన్న విమర్శకుడు తన ధర్మమును నెరవేర్చినవాడే; చదువనక్కరలేని జాతిది యని ఒక గ్రంథమును వెలివేసినవాడు విమర్శకుడే కాడు. మంచి శరీరశాస్త్ర గ్రంథమును చెడ్డదానినుండి వేరుచేయునది ప్రధానముగా వాక్యరచనయే యనియు, కావున అట్టి గ్రంథమును ఏరుట సాహిత్య వివేచనము గలవారి పనియే యనియు మా నిశ్చితాభిప్రాయము. దానిని కొంత విస్తరించి చెప్పెదము.

కోఠీలోని పుస్తకాల అంగళ్ల యెదుట గాని, విజయవాడ ఏలూరు రోడ్డున గాని కొంతసేపు నిలుచున్నచో, వైద్య, నర్సింగు, ఫిజియోథెరపీ కళాశాలలలో క్రొత్తగా చేరిన విద్యార్థులు పుస్తకమును ఎట్లు కొనుచున్నారో తెలియును. సీనియరు చెప్పిన పేరు, అట్టమీది రంగులు, వెల, వీనిని బట్టియే బేరము కుదురును. ఒక్క అధ్యాయమైనను చదివి కొనువారు అరుదు. మేము చెప్పు పరీక్ష సులభమైనది. ఏ గ్రంథమునైనను చేతబట్టి గుండెను గూర్చిన అధ్యాయము తెరువుడు. ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకంటె ఇంచుమించు మూడింతలు దళసరి యని ప్రతి గ్రంథమును చెప్పును. అంతటితో వాక్యము ముగించి మరియొక అవయవమునకు దాటిపోవు గ్రంథమును అచటనే మూసివేయవచ్చును. రెండు జఠరికలును పంపునది ఒకే పరిమాణపు రక్తమనియు, విశ్రాంతిలో నున్న పెద్దవారియందు అది నిమిషమునకు సుమారు 5 లీటర్లనియు, కుడి జఠరిక దానిని ప్రక్కనే యున్న ఊపిరితిత్తులకు 25 మిల్లీమీటర్ల పాదరస పీడనముతో పంపిన చాలుననియు, ఎడమ జఠరిక శిరస్సునుండి పాదాగ్రమువరకు 120 మిల్లీమీటర్ల పీడనముతో పంపవలసియున్నదనియు, గోడకు ఆ దళసరితనము వచ్చినది ఇందుచేతనే యనియు చెప్పు గ్రంథమునందు అంగనిర్మాణమును అంగధర్మమును ఒకే వాక్యమున హేతుబద్ధములై నిలుచును.

ఆ అధ్యాయముననే మరి రెండు పుటలు ముందుకు పోయి కవాటములను చూడుడు. కవాటపు రేకులనుండి జఠరికలోని చిన్న కండరములవరకు సాగిన తెల్లని తంత్రులు కవాటమును లాగి మూయునని తలచు విద్యార్థులు ఎందరో కలరు. నిజమునకు కవాటమును మూయునది రక్తపు ఒత్తిడియే. ఆ తంత్రులు, తలుపు ద్వారబంధమును దాటి అవతలికి పోకుండ పట్టియుంచు గొలుసువలె, రేకులు కర్ణికలోనికి తిరుగబడకుండ కాచుచున్నవి. ఈ భ్రాంతి కలుగునని ముందుగానే ఊహించి, దానికి చోటులేకుండ వాక్యమును కూర్చిన రచయితకు చదువరి మనస్సు తెలియును. చదువరి మనస్సు తెలిసి వ్రాయుట సాహిత్యగుణము కానిచో మరేది సాహిత్యగుణమో పెద్దలే చెప్పవలెను.

మూత్రపిండముల అధ్యాయమునందును ఇంతే. దినమునకు 180 లీటర్ల ద్రవము వడగట్టబడుననియు, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రముగా వెలువడుననియు అంకెలు చెప్పి ఊరకుండు గ్రంథము జ్ఞాపకశక్తికి బరువే గాని బుద్ధికి ఆహారము కాదు. దేహమునందలి ప్లాస్మా మొత్తము సుమారు 3 లీటర్లే యనియు, అదియే దినమునకు అరువది మారులు వడగట్టబడి మరల రక్తమున చేరుచున్నదనియు ఆ ప్రక్కనే చెప్పినప్పుడు అంకెకు ప్రాణము వచ్చును. అట్లే మూత్రనాళము మూత్రాశయపు గోడలో ఏటవాలుగా దూరునని చెప్పి విడువక, ఆశయము నిండినకొలది ఆ ఒత్తిడికే నాళము నొక్కుకొనిపోయి మూత్రము వెనుకకు మరలదని చెప్పుట మంచి గ్రంథ లక్షణము.

ఇక చిత్రముల సంగతి. వెసేలియసు 1543లో బాసెలు నగరమున ప్రకటించిన మహాగ్రంథము వైద్యచరిత్రను మార్చినదన్నచో, అందలి వాక్యములు ఎంత కారణమో చిత్రములును అంతే కారణము. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెను జంతువులను కోసి చూచి, మనుష్యుని క్రింది దవడ రెండెముకల కూడిక యని వ్రాసిన మాటను పదమూడు శతాబ్దములు పండితులు వల్లించిరి. ఇరువదియెనిమిదేండ్ల యువకుడగు వెసేలియసు అది ఒక్కటే ఎముక యని చూపెను. 1858లో హెన్రీ గ్రే గ్రంథము వెలువడినప్పుడు దానికి చిత్రములు వ్రాసిన హెన్రీ వాండైక్ కార్టరు, అవయవముల పేర్లను ఆయా అవయవములమీదనే లిఖించి, చదువరి కన్ను చిత్రమునకును సూచికకును మధ్య తిరుగాడు శ్రమను తప్పించెను. గ్రంథము గ్రే పేరనే లోకప్రసిద్ధమయ్యెను. కార్టరునకు రాయల్టీలో భాగము దక్కలేదు. మంచి గ్రంథమును ఎన్నువారు పుట త్రిప్పకుండ చిత్రము కనబడుచున్నదా, పేర్లు చదువ వీలగునా, పరిమాణము తెలియునా అని చూడవలెను.

మన పూర్వులకు ఈ వివేకము లేకపోలేదు. మృతదేహమును ముంజగడ్డి చుట్టి, పంజరమున నుంచి, పారునీట ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట మెల్లగా రుద్దుచు ఒక్కొక్క పొరను కంటితో చూడవలెనని సుశ్రుతసంహిత విధించినది. సుశ్రుతుని లెక్కకు ఎముకలు 300. చరకసంహిత లెక్కకు 360. నేటి లెక్కకు పెద్దవారియందు 206. ఒకరిని మూఢులని, మరియొకరిని సర్వజ్ఞులని అనుట రెండును తేలికపనులే. చరకసంహిత దంతములను, గోళ్లను గూడ లెక్కించినదనియు, సుశ్రుతుడు మృదులాస్థులను చేర్చెననియు, శిశువునందు విడివిడిగానున్న ఎముకలు పెద్దతనమున అతుకుకొనుననియు చెప్పు గ్రంథము విద్యార్థికి లెక్కతోపాటు లెక్కించు పద్ధతిని నేర్పును.

ఇపుడు మా ఆక్షేపణను సూటిగా చెప్పెదము. తెలుగు సాహిత్య లోకము ఈ గ్రంథములను తన గుమ్మము తొక్కనీయకపోవుటవలననే, వీనిని పరిశీలించువారు లేక, గైడ్లును, ప్రశ్నోత్తర మాలికలును, ఒకదానినుండి మరియొకటి ఎత్తివ్రాసిన సంకలనములును బజారు నేలుచున్నవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు శరీరశాస్త్రమును తెలుగున సంగ్రహముగా వ్రాయుట తమ సాహిత్యసేవకు తక్కువ యని తలపలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రతో సమానముగా ప్రకృతిశాస్త్రములకును పీట వేసినది. దేశభాషలో వైద్యవిద్య సాగదనుటకును వీలులేదు; మన హైదరాబాదుననే ఉస్మానియాలో వైద్యవిద్య ఒక తరమంతయు ఉర్దూలో సాగినది. కందుకూరి, కొమఱ్ఱాజు వంటి పెద్దల జయంతులకు దండలు వేయుచు, వారు చేసిన పనినే నేడు చేసిన ఉపాధ్యాయినిని గుమ్మమునుండి మరల్చుట అపచారము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోకముందు మదరాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రమును బోధించిరి. పిమ్మట తోటి శాస్త్రజ్ఞుడు ఫిస్కెతో కలిసి 1927లో కండరమునందలి ఫాస్ఫోక్రియాటినును లోకమునకు తెలిపిరి. కండర సంకోచమును వివరించు తెలుగు గ్రంథమున ఆయన పేరు లేకున్నను అడుగువారు లేరు; చదివినవారుండినగదా అడుగుట!

పాఠ్యగ్రంథము కాలముతో చెల్లిపోవునని కొందరందురు. గ్రే గ్రంథము నూటయరువది యేండ్లు దాటి, నలుబదికి పైగా కూర్పులు పొంది, నేటికిని చదువబడుచునే యున్నది.

విద్యార్థులకు మా మనవి: కూర్పు క్రొత్తదో కాదో చూడుడు, గుండె, మూత్రపిండముల అధ్యాయములలో రెండేసి పుటలు నిలుచుండి చదువుడు, 70 కిలోల యువకుని దేహమునే మానవదేహమని చెప్పి, స్త్రీని ప్రసూతి అధ్యాయమునకును, శిశువును అనుబంధమునకును పరిమితము చేసిన గ్రంథమును కొనకుడు, రేపు మీ యెదుటికి వచ్చు రోగులలో సగమునకు పైగా వారే. పురస్కార సంఘములకు మా మనవి: శాస్త్రగ్రంథములను తెలిసినవారిచే చదివించి, పిమ్మట తీర్పు చెప్పుడు. రాబోవు సంచికనుండి ఈ పత్రికలో శాస్త్ర పాఠ్యగ్రంథముల సమీక్షకు పుటలు కేటాయించుచున్నాము. త్రోసివేయబడిన ఆ గ్రంథముతోనే ప్రారంభింతుము. రచయితలు, ప్రకాశకులు తమ గ్రంథములను మాకు పంపుదురు గాక.