మీట మీటడానికి కాదు

ట్రిగ్గరుకు మన పత్రికలవారు చాలాకాలంగా 'మీట' అన్న మాట వాడుతున్నారు. మాట అందమైనదే, కాని అందులో ఒక చిక్కుంది. వీణ తీగను మీటుతాము. వేలు తగిలీ తగలగానే తీసేస్తాము. తుపాకీ మీటతో అలా వ్యవహరిస్తే గురి తప్పడం ఖాయం. మామిడిపండు పక్వానికి వచ్చిందో లేదో చూసే చేయి ఎలా ఒత్తుతుందో, అలా నెమ్మదిగా, ఒకే దిశలో, ఆపకుండా ఒత్తుతూ పోవాలి. ఎప్పుడు పేలిందో పేల్చేవాడికే తెలియకూడదు. భాషాభిమానులు ఇంతకంటె తగిన పేరు కల్పిస్తే సంతోషిస్తాను. అంతవరకు మీట అనే రాస్తాను.

ఈ మీట గురించి ఇప్పుడెందుకంటారా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న మా కాలనీల్లో ఎయిర్ రైఫిళ్ళు కొనే ఇళ్ళు నాకు ఎక్కువగా కనబడుతున్నాయి. పిల్లవాడికి ఏకాగ్రత కుదురుతుందని కొందరు, స్పోర్ట్స్ కోటా పనికొస్తుందని కొందరు కొంటున్నారు. తప్పేమీ లేదు. అయితే కొన్న వారం తిరగకముందే 'ట్రిగ్గరు బరువుగా ఉంది, కాస్త తేలిక చేయించాలి' అంటున్నారు. ఎవరో ఒక మెకానిక్కు విప్పుతాడు, లేదా పిల్లవాడే వీడియో చూసి స్క్రూడ్రైవరు పట్టుకుంటాడు. ఈ తొందర ఆటకూ చేటు, ఇంటికీ చేటు అని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను.

ముందుగా అవతలి పక్షం వాదన. మీట బరువుగా ఉంటే వేలు బలంగా లాగాలి, ఆ లాగుడుకు గొట్టం కదులుతుంది. ఇది నిజం. లెక్క వేసి చూడండి. వెనుక గురికీ ముందు గురికీ మధ్య 80 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. ముందు గురి 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల అవతల దెబ్బ 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది. లక్ష్యపత్రం మీద ఒక వలయానికీ మరో వలయానికీ ఎడం 2.5 మిల్లీమీటర్లు. అంటే అర మార్కు పోయినట్టే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ 701.1 మార్కులతో కాంస్యం గెలిచాడు. రజతం పొందిన ఇటలీ ఆటగాడు కాంప్రియానీకి 701.5 వచ్చాయి. తేడా 0.4. అంతకు నాలుగేళ్ళ ముందు బీజింగులో ఇదే నారంగ్ 595 మార్కులు సాధించి కూడా ఫైనలుకు అందకుండా తొమ్మిదో స్థానంలో ఆగిపోయాడు. ఇటువంటి ఆటలో మీట విషయం చిన్నదని ఎవరూ అనలేరు.

అంతర్జాతీయ నియమాలు కూడా తేలికకే అనుకూలమని వాదించవచ్చు. పది మీటర్ల ఎయిర్ పిస్తోలుకు మీట బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. గొట్టాన్ని నిలువుగా పట్టి, మీటకు ఆ బరువును తగిలించి ఎత్తి పరీక్షిస్తారు. ఎయిర్ రైఫిలుకు అటువంటి కనీస పరిమితి లేదు. అందుకే మేటి ఆటగాళ్ళు చాలా తేలికైన మీటలు పెట్టుకుంటారు. ఇదీ నిజమే.

అయితే మేటివాడి మీట వేరు, మనవాడి మీట వేరు. పోటీల రైఫిలు గాలిని ముందే నింపుకొన్న సిలిండరుతో పనిచేస్తుంది. దానిలో మీట విడిపించవలసిన బలం తక్కువ. పైగా మధ్యలో అనేక తులాదండాలుంటాయి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది గొట్టం వంచి స్ప్రింగును బిగించే రకం. చవక రకాల్లో ఆ పెద్ద స్ప్రింగు బలాన్నంతా ఒక చిన్న ఇనుప కొక్కెం నేరుగా పట్టి ఉంచుతుంది. మీట తేలిక కావాలంటే ఆ కొక్కెం పట్టును తగ్గించాలి, లేదా దాని అంచును అరగదీయాలి. అరగదీసిన ఇనుము తిరిగి పెరగదు. ఒక వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే తుపాకీ తనంతట తానే పేలుతుంది. గొట్టం వంచి గుండు పెడుతుండగా కొక్కెం జారితే గొట్టం విసురుగా పైకి లేచి వేళ్ళను నలిపేస్తుంది. మా వీధిలో ఒక ఇంట ఇలాగే జరిగింది. పిల్లవాడి బొటనవేలికి కుట్లు పడ్డాయి. ఆ సమయంలో గుండు లోపల లేకపోవడం వాళ్ళ అదృష్టం.

మరి సర్దుకోవడమే వద్దా? వద్దనను. సర్దుకొనే వీలున్న మీటను తప్పక సర్దుకోవాలి, కాని వరస ఉంది. మొదట మీట ఉన్న చోటు. చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగం మీటకు సూటిగా ఆనాలి, మిగతా వేలు కర్రకు తగలకూడదు. చిన్న చేతులకు మీటను వెనక్కు జరిపితే చాలు, సగం ఇబ్బంది తీరుతుంది. రెండవది మొదటి దశ, అంటే గట్టు తగిలేదాకా వేలు చేసే ఖాళీ ప్రయాణం. ఆ గట్టు వేలికి స్పష్టంగా తెలియాలి. మూడవది గట్టు దాటించే బరువు. చివరిది, పేలిన తరువాత మీట ఇంకా వెనక్కు పోకుండా ఆపే మర. ఒకసారి ఒక మరనే, పావు చుట్టు మాత్రమే తిప్పాలి. తిప్పినదంతా నోటుపుస్తకంలో తేదీతో రాసుకోవాలి. ఆ తరువాత గుండు లేకుండా, క్షేమమైన దిక్కుకు గురిపెట్టి, మడమను చాప మీద తట్టి చూడాలి. తట్టుకే జారిపోయే మీట పనికిరాదు. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో లేని మరను ముట్టుకోకూడదు. ఈ వరసలో బరువు మూడవదని గమనించండి. మనవాళ్ళు దానితోనే మొదలుపెడతారు.

నాకు దీనిలో మా పేట స్వభావమే కనబడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల పేట. హాస్టలు గదుల్లో వేలమంది పిల్లలు ఏదో ఒక పరీక్షకు సిద్ధమవుతూ ఉంటారు. వాళ్ళ కష్టాన్ని నేను చిన్నబుచ్చను. కాని పాఠం పూర్తిగా నేర్వకముందే దగ్గరిదారి చూపే అలవాటు ఇక్కడి గోడల మీద ప్రకటనల్లోనే ఉంది. మీటను తేలిక చేయడమూ అటువంటి దగ్గరిదారే. వేలికి ఓపిక నేర్పవలసిన చోట ఇనుముకు ఓపిక తగ్గిస్తున్నాము. బరువైన మీట మీద ఆర్నెల్లు గుండు లేకుండా సాధన చేసినవాడికి తరువాత తేలికైన మీట వరం. గుండె దడ అదుపులో లేనివాడికి అదే శాపం. గురి కుదరకముందే పేలిపోతుంది. ఆ భయానికి రెండవసారి వేలు మీటను తాకడానికే జంకుతుంది.

ఇంకొక మాట. 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల గొట్టానికి, 20 జౌళ్ళ శక్తికి మించని ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు అక్కరలేదు గనుక బొమ్మ అనుకుంటున్నారు. ఇరవై జౌళ్ళలో మూడోవంతు శక్తి కూడా కంటిని తీసేయగలదు. మా మేడలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. డాబా మీద పేలిన గుండుకు పక్కింటి పిట్టగోడ అడ్డం రాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర రెండు బాంబులు పేలిన పేట ఇది. ఫట్టుమన్న చప్పుడుకు ఇప్పటికీ ఉలిక్కిపడే పెద్దవాళ్ళు ఇక్కడున్నారు. వాళ్ళనూ తలచుకోవాలి కదా!

పిల్లలు ఇంట్లోనే స్క్రూడ్రైవరు పట్టడానికి ఇంకో కారణం దూరం. ప్రభుత్వ షూటింగ్ రేంజి గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. ఎల్బీనగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం, ఆపైన ఆటో. తుపాకీ సంచి భుజాన వేసుకొని బడి ముగిశాక అంత దూరం పోయి రాగల పిల్లలెందరు? ఇదే నగరంలో 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగినప్పుడు నారంగ్ స్వర్ణం గెలిచాడు. ఇదే నగరపు ఇషా సింగ్ 2018లో, పదమూడేళ్ళకే, పిస్తోలులో జాతీయ విజేత అయింది. తూర్పు కాలనీల్లో అటువంటి పిల్లలు పుట్టరని ఎవరూ అనరు. ఎయిర్ రైఫిలుకు మైదానం అక్కరలేదు. పదమూడు, పద్నాలుగు మీటర్ల పొడవున్న గది, వెనుక గుండ్లను ఆపే గట్టి తెర, నియమాలు తెలిసిన ఒక మనిషి చాలు. సరూర్‌నగర్ స్టేడియం వంటి చోట, లేదా ఒక కమ్యూనిటీ హాలులో వారానికి రెండు సాయంత్రాలు ఇది సాధ్యమే. మీట సర్దడం తెలిసిన మనిషి అక్కడ నెలకొకసారి కూర్చుంటే ఇళ్ళలో ఆకురాయి పని ఆగిపోతుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. తుపాకీ కొనేటప్పుడు ధరతోపాటు దాని మీట సర్దుకొనే రకమా కాదా అని అడగండి. కాకపోతే అలాగే వాడనివ్వండి, విప్పనివ్వకండి. బరువైన మీట మీద నిలకడగా పది దెబ్బలు ఒక రూపాయి బిళ్ళంత చోట పడేదాకా తేలిక మాట ఎత్తవద్దని పిల్లవాడికి షరతు పెట్టండి. ఆ షరతు నెరవేరిన రోజున వాడు తేలిక చేయమని అడగకపోవచ్చు కూడా.

ఈ ఆట తెలిసిన మిత్రులు నా లెక్కల్లో, వరసలో లోపాలుంటే చెప్పండి. మీ మీ పేటల్లో పది మీటర్ల గది ఎక్కడైనా నడుస్తుంటే ఆ సంగతి కూడా రాయండి. మా స్టేడియంవారిని అడగడానికి ఒక ఉదాహరణ చేతిలో ఉంటుంది.