మంచుమీద చేతికర్ర

ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన మాత్రమే చూసే అనంతపురం సీమలో మంచుకర్ర ముచ్చటేమిటని నవ్వకండి. వేసవిలో ఇక్కడినుంచి ఉత్తరాది రైలెక్కే యాత్రికుల సామానులో కొత్తరకం చేతికర్ర ఒకటి చేరుతున్నది. గొట్టంలో గొట్టం దూరి, పొడుగూ పొట్టీ అయ్యే అల్యూమినియం కర్ర. కేదారనాథ్ గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏప్రిల్ చివరనో మే మొదట్లోనో తలుపులు తీసేనాటికి అక్కడ మంచు ఇంకా మిగిలే ఉంటుంది. అరవై దాటిన మోకాళ్ళు ఈ కర్రను నమ్ముకొని నడవాలి. నడిమధ్యలో అది సర్రున లోపలికి జారితే మనిషి వెళ్ళేది లోయవైపే గదా!

మన గొర్రెలకాపరి కర్రకు ఈ బెడద లేదు. ఒకే వెదురు, ఒకే పొడుగు. దానిమీద గడ్డం ఆనించి పూటంతా నిలబడగలడు. అతుకుల కర్రకు ప్రాణమంతా బిగింపులోనే. మెలితిప్పే రకంలో లోపలి ప్లాస్టిక్ ముక్క ఉబ్బి గొట్టాన్ని పట్టుకొంటుంది. మీటనొక్కే రకంలో బయటిపట్టీ బిగుస్తుంది. సడలితే పక్కనున్న చిన్న మరను కాస్త తిప్పాలి. ఏదైనా సరే, ఇంట్లోనే బిగించి ఒళ్ళు బరువంతా మోపి చూడండి. గొట్టంమీది ఆఖరి గీత దాటి లాగరాదు.

మన ఇళ్ళలో ఏది బిర్రుగా ఉన్నా ఒక చుక్క కొబ్బరినూనె వేయడం అలవాటు. ఇక్కడ మాత్రం ఆ సీసా దాచిపెట్టండి. పట్టు నిలిచేది రాపిడివల్ల; నూనె తగిలితే అది పోతుంది. పైగా మన ఎర్రదుమ్ము అంటుకొని ముద్దకడుతుంది. ముక్కలు విడదీసి, పుల్లకు పొడిగుడ్డ చుట్టి లోపల తుడిస్తే చాలు.

ఇక మంచుకు కావలసిన మార్పులు. మొనకున్న రబ్బరుతొడుగు సిమెంటుదారికి మంచిదే, గట్టిమంచుమీద అరటితొక్క. అది తీసి లోపలి లోహపుమొన బయటపెట్టాలి. మెత్తని మంచులో కర్ర దిగబడకుండా మొనకు కాస్త పైన అరచేతంత చక్రం తగిలించాలి. దీన్ని బాస్కెట్ అంటారు. డబ్బామూత కత్తిరించి తొడగవచ్చు గదా అంటారేమో. చలికి పెళుసెక్కి విరిగే వస్తువుమీద నాకు నమ్మకం లేదు. ఆ కర్రకు సరిపడేది కొనడమే మేలు. పిడి కిందుగా జానెడు మేర పాత సైకిల్ ట్యూబు చుట్టుకొంటే మాత్రం లాభమే. నిటారుదారిలో ప్రతిసారీ కర్రను పొట్టిచేయకుండా అక్కడ పట్టుకోవచ్చు. లోహపు చల్లదనమూ చేతికి తగలదు. గుడ్డపీలిక వద్దు, తడిసి గడ్డకడుతుంది.

చదునున మోచేయి సమకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు నాలుగు వేళ్ళు తగ్గించి, దిగేటప్పుడు అంత పెంచుకోవాలి. మంచులో మొన ఎంత దిగితే అంత అదనం.

అయితే నిటారు గట్టిమంచుమీద జారితే ఈ కర్ర ఆపదు. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణవంటివారు వెళ్ళే చోట్లకు మంచుగొడ్డలి, తాడు వేరే ఉన్నవి. యాత్రికులు అటువంటిచోట వెనక్కు తిరగాలి.

రాత్రి బసలో ముడిచేముందు తడి తుడవండి. లోపల నీరు నిలిస్తే తెల్లవారేసరికి గడ్డకట్టి అతుకు కదలదు. కదలకపోతే మంటమీద పెట్టకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. అరచేతులతో పట్టుకొని వెచ్చచేయండి. ఇంటికి వచ్చాక ముక్కలు విడదీసి నీడన ఆరబెట్టి, బిగింపులు వదులుచేసి అటకమీద పెట్టండి. తడిగా వదిలేస్తే లోపల తెల్లటి పొడి పేరుకొని, మరుసటి యాత్రకు అతుకులు ఊడిరావు.