బ్యాంకు పెద్దదైంది, వాడ వాటా ఎంత?

2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి, కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రా ప్రగతి, చిత్తూరు సప్తగిరి, వికాస్ బ్యాంకుకు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న శాఖలు కలిసి ‘ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు’గా మారాయి. ప్రధాన కార్యాలయం అమరావతి. స్పాన్సర్ యూనియన్ బ్యాంకు. చాలామందికి ఇది బోర్డు మారిన వార్త, పాస్‌బుక్ మార్చుకోవాల్సిన వార్త. పిడుగురాళ్ల చుట్టుపక్కల కౌలుకు పత్తి, మిర్చి వేసే దళిత కుటుంబాలకు మాత్రం అప్పు ఎవరి చేతిలోకి పోతోందన్న ప్రశ్న.

కాస్త వెనక్కి వెళ్దాం. 1923లో పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1964లో అదే ఊళ్లోని భారతలక్ష్మి బ్యాంకును కలుపుకుంది. ఆ కాలంలో ప్రైవేటు బ్యాంకంటే భూమి, వ్యాపారం ఉన్నవాళ్ల డబ్బు తిరిగి వాళ్ల చేతికే చేరే దారి. 1969లో 14, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా 6 బ్యాంకులు జాతీయమయ్యాయి. అయినా కూలీకి, చిన్న రైతుకు తలుపు సరిగా తెరుచుకోదని గ్రహించే 1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టారు. మొదట్లో వాటికి ఉన్న నిబంధన గుర్తుంచుకోవాలి: సన్నకారు, చిన్నకారు రైతులకు, వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవాళ్లకే అప్పివ్వాలి. 1990లలో లాభాల పేరుతో ఆ కంచె తీసేశారు. 2005 తర్వాత విలీనాలు మొదలయ్యాయి. చైతన్య, గోదావరి 2006లో ఒకటయ్యాయి. దేశంలో ఒకప్పుడు 196 ఉన్న గ్రామీణ బ్యాంకులు నిరుటి విలీనంతో 43 నుంచి 28కి దిగాయి. ఈలోగా 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకే యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

విలీనమైతే ఖర్చు తగ్గుతుంది, మూలధనం బలపడుతుంది, టెక్నాలజీ వస్తుంది అంటున్నారు. అబద్ధమేం కాదు. కానీ దళితుల విషయంలో లెక్క వేరుగా నడుస్తుంది, అదీ రెండు రకాలుగా.

మొదటిది లక్ష్యాల లెక్క. గ్రామీణ బ్యాంకు తన అప్పుల్లో 75 శాతం ప్రాధాన్య రంగానికి, 15 శాతం బలహీన వర్గాలకు ఇవ్వాలి. ఈ ‘బలహీన వర్గాలు’ అన్న మాట దగ్గరే మనం మోసపోతాం. ఎస్సీ, ఎస్టీలు అందులో ఒక వరస మాత్రమే. సన్నకారు, చిన్నకారు రైతులు ఏ కులమైనా అందులోకే వస్తారు, పొదుపు సంఘాలూ వస్తాయి. ఒక్క దళితుడి పేరు లేకుండా కూడా ఆ 15 శాతం పూర్తి చేయొచ్చు. పైగా లక్ష్యం మొత్తం బ్యాంకుకు, శాఖకు కాదు. గుంటూరు బ్యాంకుగా ఉన్నప్పుడు గుంటూరు, గోదావరి జిల్లాల్లోనే లెక్క చూపాలి. ఇప్పుడు పల్నాడులో తగ్గితే ఇంకో మూల ఇచ్చిన అప్పులతో సర్దేయొచ్చు. కాగితం మీద బ్యాంకు పాసవుతుంది, వాడ ఫెయిలవుతుంది.

రెండోది శాఖల లెక్క. 2016 ఏప్రిల్‌లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి వరకు అప్పివ్వాలంది. శాఖే కొలమానం. ఒకే వీధిలో ఆంధ్రా బ్యాంకు, యూనియన్ బ్యాంకు రెండు శాఖలుంటే ఇద్దరు ఎస్సీ, ఎస్టీలకు హక్కు. రెంటినీ ఒకటి చేస్తే ఒక్కరికే. ఏ జీవో ఇవ్వకుండానే ఒక కోటా మాయం. ఆ పథకం గడువు 2025 మార్చితో ముగిసింది. 2025 బడ్జెట్‌లో ప్రకటించిన కొత్త పథకం 5 లక్షల మంది మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 2 కోట్ల దాకా అప్పు అంటోంది. మొత్తం సంఖ్య చెప్పారు. అందులో శాఖకు ఎందరో కూడా రాయించుకోవాల్సింది మనమే.

పిడుగురాళ్ల వైపు సాగు చూస్తే ఇదెంత దూరం పోతుందో అర్థమవుతుంది. కౌలు కట్టాలి, విత్తనం, మందులు కావాలి. పురుగుమందుల కొట్టు ఖాతా తెరిచి ఇస్తుంది, నూటికి రెండు రూపాయలో ఇంకా పైనో వడ్డీ. పంట ఎవరికి తోలాలో ఆ అప్పే చెబుతుంది. కౌలుదారు బ్యాంకుకు పోతే ఆ సర్వే నంబరు మీద భూయజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. 2011 చట్టంలో రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు. 2019 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఊళ్లో ఆసామి దగ్గరికి వెళ్లి సంతకం అడగడమంటే ఏమిటో కారంచేడు, చుండూరు చూసిన ఈ నేలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఖాళీలోకే మైక్రోఫైనాన్స్ వచ్చింది. 1998లో స్పందన మొదలైంది గుంటూరులోనే. 2010లో రాష్ట్రం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందంటే వాటి వసూళ్లు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

విలీనాలతో పెరగడం మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన ఫస్ట్ సిటిజన్స్ బ్యాంకును హోల్డింగ్ కుటుంబం మూడు తరాలుగా నడుపుతోంది. మునిగిన బ్యాంకులను కొంటూ పెరిగి, 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకునూ తీసుకుంది. ఎక్కువ ఓట్లున్న షేర్లు కుటుంబం దగ్గరే ఉంటాయి, పగ్గాలు బయటికి పోవు. మన గ్రామీణ బ్యాంకులో కేంద్రానికి 50, స్పాన్సర్ బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15 శాతం వాటా. అంటే యజమాని ప్రజలే, అడగొచ్చు. అయితే 2015 సవరణతో బయటి పెట్టుబడికి తలుపు తెరిచారు. కేంద్రం, స్పాన్సర్ కలిపి 51 శాతం ఉంటే చాలు. అడిగే హక్కు పదిలంగా ఉన్నప్పుడే అడగాలి.

ఎవర్ని అడగాలి? అన్ని బ్యాంకుల పనితీరు సమీక్షించే రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీకి కన్వీనరు యూనియన్ బ్యాంకే. గ్రామీణ బ్యాంకు స్పాన్సరూ అదే. పరీక్ష రాసేదీ దిద్దేదీ ఒకే ఇల్లన్నమాట. అందుకే విద్యార్థి సంఘాలు ఈ పని ఎత్తుకోవాలి. మండలంలోని ప్రతి శాఖ గురించి సమాచార హక్కు కింద మూడే ప్రశ్నలు: స్టాండప్ ఇండియాలో ఎస్సీ, ఎస్టీలకు ఎన్ని అప్పులిచ్చారు, పంట రుణాల్లో ఎస్సీల ఖాతాలెన్ని, కౌలు కార్డుల మీద ఎందరికి ఇచ్చారు. పేర్లు అడగొద్దు, సంఖ్యలు చాలు. విలీనానికి ముందు ఏడాదివి, తర్వాతవి పక్కపక్కన పెట్టి జిల్లా సమీక్షా కమిటీ ముందు ఉంచాలి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు అదీ లేదు.