ఎంపికకు ఒక్క ఉదయం చాలదు

సంపాదకులకు,

పాఠశాల ఫుట్‌బాల్ జట్టును ఎంచడానికి అనుభవజ్ఞుడైన కోచ్‌కు ఒక్క ఉదయం చాలునన్న గత సంచికలోని వాదన, సికింద్రాబాద్ ఫుట్‌బాల్ చరిత్రకు పొసగదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ వాడు. ఆ జట్లకు కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చినవాడు కావడం ఇక్కడ గమనార్హం. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను యువకులకు పెట్టిన రహీం, ఆటగాడికి ఇప్పుడున్న నైపుణ్యంతోపాటు అతడు నేర్చుకోగల శక్తిని కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

నేటి ఎంపికల్లో మాత్రం పరుగుపందెం, శంకువుల మధ్య బంతి నడపడం ముగిశాక పదకొండుమంది చొప్పున కాసేపు ఆడించడంతో, డిఫెండరుగా నిలిచిన పిల్లవాడు బంతిని రెండుసార్లైనా తాకకుండానే తిరస్కృతుడవుతున్నాడు. నలుగురేసి జట్లుగా చిన్న మైదానంలో ఆడిస్తే ప్రతివారికీ బంతి అందుతుంది, ఆలోచన బయటపడుతుంది. సాపేక్ష వయోప్రభావం, అంటే వయోపరిమితి తేదీ దాటిన వెంటనే పుట్టి నెలల తేడాతో పెద్దవారైన పిల్లలు దేహపుష్టి వల్ల ప్రతిభావంతులుగా కనబడడం, మరింత బాధాకరమైన అన్యాయం. పదమూడేళ్ల వయసులో ఆ కొద్ది నెలలే పిల్లవాణ్ణి శాశ్వతంగా మైదానానికి దూరం చేయగలవు.

కనుక ఎంపిక కనీసం మూడు రోజులు సాగాలి, ఎంపిక కానివారికి కారణం ముఖాముఖిగా చెప్పాలి, మరుసటి ఏడాది వారిని మళ్లీ పిలవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్