మంచు కరిగిన నేలయు, మన బోడికొండలును

ఆల్ప్సు పర్వతములందలి హిమానీనదములు 1850 మొదలుగా సగమునకు మించి క్షీణించినవి. ఎండకు రాళ్లు పగిలెడి మడకశిర సీమవాసులకు ఆ మంచుతో నేమి పని యని పాఠకులు మమ్ము నడుగవచ్చును. పని యున్నదనియే మా మనవి.

మంచు వెనుదీసినచోట రాతిపొడియు, గులకరాళ్లును మిగులును. వానిపై మొదట నాచును, రాతిపూవును పట్టును. పిదప గాలిలోని నత్రజనిని వేళ్లయందు నిలుపుకొను ఆల్డరు వంటి మొక్కలు వచ్చును. వాని ఆకు రాలి కుళ్లగా నేల పుష్టి నొందును. ఆపై మహావృక్షములు లేచును. అలాస్కాలోని గ్లేషియరు బే యనుచోట విలియము కూపరు అను వృక్షశాస్త్రజ్ఞుడు 1916లో నేలను గడులుగా గుర్తించి యీ క్రమమును పరిశీలింప నారంభించెను. బోడినేల అడవి యగుటకు అచట నూరేండ్లును చాలుట లేదు.

తెలుగునేల యీ కథ నెరుగనిది కాదు. సుమారు 30 కోట్ల యేండ్లకు పూర్వము గోదావరి లోయలో మంచు విడిచిన గుండ్లు తాల్చేరు శిలలయందు నేటికిని కానవచ్చును. మంచు పోయిన పిమ్మట గ్లొసాప్టెరిసు వనములు పెరిగెను. సింగరేణి బొగ్గు వాని శేషమే.

మడకశిర కోటకొండవంటి నున్నని బండలు ప్రకృతి చేసినవి. వాని వాలులు బోడులగుటలో మన చేయి గలదు. బండసందున చారెడు మట్టి చేరినచో బోదగడ్డి మొలచును. వెంపలియు, తంగేడును, సీతాఫలమును వచ్చును. ఆల్డరు చేయు పనిని ఇచట వెంపలి చేయును. కాని వేసవిలో కొండకు నిప్పు పెట్టుటచేతను, చిగురును మేకలు కొరుకుటచేతను ఆ క్రమము మరల మొదటికే వచ్చుచున్నది. కప్పులేని మట్టి తొలకరికే కొట్టుకొనిపోయి చెరువున పూడిక యగును. కొండకు మట్టియు, చెరువునకు లోతును, ఆయకట్టు రైతునకు పంటయు ఒక్కమారే నష్టమగుచున్నవి.

దీనికి ప్రతిక్రియ దూరమున లేదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున కల్పవల్లి యను పేర వేలకొలది యెకరముల బంజరును గ్రామస్థులు టింబక్టు కలెక్టివుతో గూడి 1990వ దశకము మొదలుకొని కాపాడుచున్నారు. నిప్పు పాకకుండ బాటలు తీసి, కావలి యుంచగా గడ్డియు, చెట్లును మరలివచ్చినవి.

మేకలకాపరిని నిందించుట వ్యర్థము. అతని మందకు మేత కావలయును; కాపాడిన కొండయే ఆ మేత నీయగలదు. చెరువు పూడిక తీయింపుడని అర్జీలు పెట్టు భూస్వాములు ఆ పూడిక యెచటినుండి వచ్చినదో ఒక్కసారి తలయెత్తి చూడవలయును.

ఆల్ప్సులో మట్టి యింకను పుట్టవలసియున్నది. మనకు మిగిలినదానిని నిలుపుకొనిన చాలును. రాబోవు వేసవికి ముందే ప్రతిగ్రామమువారును ఒక్క కొండవాలునైనను నిప్పునుండియు, గొడ్డలినుండియు కాపాడ పూనుకొందురు గాక.